ఎర్ర చుక్క

నలభై దాటిన ఆడవాళ్లకు రెండు సంగతులు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. ఒకటి, బియ్యంలో రాళ్లు ఏరే పని ఇక మన వల్ల కాదని. రెండు, సూదిలో దారం ఎక్కించమని పిల్లల్ని బతిమాలుకోక తప్పదని. దీన్నే చత్వారం అంటారు. సంస్కృతంలో నలభైకి ఉన్న మాటలోంచి వచ్చింది ఆ పేరు. మా నాయనమ్మ 'చాళీసు' అనేది. అదీ నలభయ్యే. పేరు ఏదైతేనేం, దగ్గరి వస్తువు మసకబారడం మాత్రం ఖాయం.

నాకు ఆ చత్వారం వంటింట్లో తెలియలేదు. పంజగుట్టలో ఒక మేడమీద, చేతిలో పిస్తోలు పట్టుకుని నిలబడినప్పుడు తెలిసింది. నవ్వకండి, జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

మా అన్నయ్య కూతురు పదిహేనేళ్ల పిల్ల. పంజగుట్టలో ఒక కోచ్ గారి దగ్గర ఎయిర్ పిస్తోలు నేర్చుకుంటోంది. అన్నయ్యా వదినా ఇద్దరూ ఉద్యోగస్తులు. నేను ఇంట్లో కూర్చుని నవలలు రాసుకునేదాన్ని. మా ఇంట్లో ఎవరి లెక్క ప్రకారమూ అది ఉద్యోగం కిందికి రాదు గనక, పిల్లను తీసుకువెళ్లి తీసుకువచ్చే పని నామీద పడింది. సాయంత్రం అయిదింటికి అమీర్‌పేటలో మా సందులోంచి బయలుదేరి, కంప్యూటర్ కోర్సుల బోర్డుల కిందుగా, మెట్రో స్తంభాల పక్కగా నడిచి వెళ్లేవాళ్లం. అది గురి చూసుకుంటూంటే నేను బెంచీ మీద కూర్చుని ప్రూఫులు దిద్దుకునేదాన్ని.

ఒకరోజు కోచ్ గారు, "అమ్మా, ఊరికే కూర్చోవడమెందుకు? మీరూ ఓ నాలుగు గుండ్లు వేసి చూడండి" అన్నారు.

ఎయిర్ పిస్తోలుకు మందూ, మంటా, పొగా ఉండవు. గాలి ఒత్తిడికి నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుండు బయటికి పోతుంది. పది మీటర్ల దూరంలో ఒక కాగితం. దాని మీద ఒకదానిలో ఒకటి వలయాలు. అన్నిటికన్నా లోపలిది పది మార్కుల వలయం. దాని అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు. అంటే మనం పండగనాడు పెట్టుకునే బొట్టు బిళ్లంత. ఆ బొట్టును పది మీటర్ల అవతల నుంచి, ఒంటి చేత్తో కొట్టాలి.

"ముందుగా మక్ఖీ చూడండి" అన్నారు కోచ్ గారు.

మక్ఖీ అంటే ఈగ. పిస్తోలు గొట్టం చివర ఈగ వాలినట్టు చిన్న ఇనుప ముక్క ఉంటుంది. వెనకవైపు ఒక గాడి ఉంటుంది. గాడి మధ్యలో ఈగ, ఈగ మీదుగా ఆ నల్లటి వలయం, మూడూ ఒక వరసలోకి రావాలి. వినడానికి సులువుగానే ఉంది. చిక్కేమిటంటే ఈ మూడూ మూడు దూరాల్లో ఉన్నాయి. మనిషి కన్ను ఒక సమయంలో ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. అందుకని వెనక గాడినీ, ఎదుటి కాగితాన్నీ మసకగా వదిలేసి, చేయి చాచినంత దూరంలో ఉన్న ఈగను మాత్రం తేటగా చూడాలట. తుపాకీ పుట్టినప్పటి నుంచీ గురువులు శిష్యులకు చెబుతున్న మాట ఇదే.

నాకేమో కాగితం మీద నల్ల వలయం శుభ్రంగా కనిపిస్తోంది. ఈగ మాత్రం రెండు ఈగలై, వాటి చుట్టూ మంచు పట్టినట్టుంది. చదువుకునే కళ్లజోడు పెట్టుకుంటే ఈగ కొంచెం నయం, కాగితం మాయం. కళ్లజోడు తీస్తే కాగితం వచ్చింది, ఈగ పోయింది. నాలుగు గుండ్లలో రెండు కాగితానికే తగల్లేదు. మా మేనకోడలు మర్యాదకు గోడవైపు తిరిగి నవ్వుకుంది.

అక్కడితో మానేసేదాన్నే. కాని కోచ్ గారు అలమరలోంచి తన పాత పిస్తోలు ఒకటి తీశారు. దాని నెత్తిన ఓ చిన్న గాజు కిటికీ బిగించి ఉంది. "ఇది రెడ్ డాట్ సైట్ అమ్మా. పెద్ద పోటీల్లో దీన్ని ఒప్పుకోరు. సంక్రాంతికి మనవాళ్లంతా సరదాగా ఓ పోటీ పెట్టుకుంటాం. పెద్దవాళ్లు ఎవరైనా దీనితో దిగొచ్చు. చూపు సంగతి ఇది చూసుకుంటుంది, మీరు చెయ్యి సంగతి చూసుకోండి" అన్నారు.

పిస్తోలు ఎత్తి ఆ కిటికీలోంచి చూశాను. కాగితం కనిపించింది, గోడ కనిపించింది, గోడ మీద బల్లి కనిపించింది. చుక్క మాత్రం కనిపించలేదు.

"ఏదీ చుక్క?"

"ఉందత్తా, నువ్వే పిస్తోలు ముక్కు పైకెత్తావు" అంది మేనకోడలు.

ఇది అందరికీ ఎదురయ్యే మొదటి ఇబ్బందేనట. ఈ కిటికీ గొట్టానికి ఇంకాస్త ఎత్తున ఉంటుంది. పాత అలవాటు చొప్పున ఎత్తితే చుక్క కిటికీ అంచు దాటి పోతుంది. చుక్క కోసం పిస్తోలును అటూ ఇటూ తిప్పి వెతకడం మొదలుపెట్టామా, ఇక దొరకదు. కళ్లు రెండూ తెరిచి, కాగితాన్నే చూస్తూ, మణికట్టును కాస్త కిందికి వంచి, పిస్తోలును చూపు ముందుకు తీసుకురావాలి. చుక్క దానంతటదే వచ్చి కాగితం మీద వాలుతుంది. దీనికి మార్గం ఒకటే, అభ్యాసం. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తడం, కళ్లు తెరిచి చుక్క ఎక్కడుందో చూసుకోవడం, మళ్లీ దించడం. పిస్తోలు ఇంటికి తెచ్చుకునే వీలు లేదు గనక నేను వంటింట్లో అట్లకాడతో సాధన చేశాను. మా అత్తగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "దోశ నిన్నేం చేసిందే?" అన్నారు.

నాలుగో రోజుకు చుక్క కనిపించింది. కాని గుండ్రంగా లేదు. ఒక పక్కకు తోక సాగి, చిన్న తోకచుక్కలా ఉంది. వస్తువు పాడయిందనుకున్నాను. కోచ్ గారు వెలుగు తగ్గించి, "పాడయింది అది కాదమ్మా, కంటి డాక్టరు గారికి చూపించుకోండి" అన్నారు. నిజమే, నా కంటిలో కొద్దిపాటి వంకర ఉందట. దూరపు చూపుకు వేరే అద్దాలు చేయించుకున్నాక తోక పోయి చుక్క మిగిలింది.

చుక్క గుండ్రంగా కుదిరాక అసలు సంగతి బయటపడింది. అది వణుకుతోంది.

కాసేపు కూడా నిలకడ లేదు. నల్ల వలయం మీద ఈగ కాలు కాలినట్టు తిరుగుతోంది. ఇనుప ఈగతో చూసినప్పుడు నాకీ వణుకు కనిపించలేదు. మసకలో కలిసిపోయింది. ఈ ఎర్ర చుక్క దాచదు. చెయ్యి వెంట్రుకవాసి కదిలితే పది మీటర్ల అవతల అదెంతో చూపిస్తుంది.

ఆ రోజు పిస్తోలు బల్లమీద పెట్టేసి బెంచీ మీదికి వచ్చి కూర్చున్నాను. మా అమ్మ చివరి పదేళ్లూ చేతి వణుకుతో బాధపడింది. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. పెళ్లిళ్లలో పదిమంది ఎదుట భోంచేయడం మానేసింది. అది ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరికీ తెలిసేటప్పటికి ముదిరిపోయింది. నా చెయ్యి నేను చూసుకున్నాను. మామూలుగానే ఉంది. కాని ఆ చుక్క అలా అనడం లేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మనసుకు దిగులు పట్టినప్పుడు పుస్తకాల్లో దూరడం నాకు అలవాటు. ఏ వస్తువు చేతికొచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకడం, బి.ఏ.లో చరిత్ర చదివిన పుణ్యం. నన్నింత భయపెట్టిన ఈ చుక్కను ఎవరు కనిపెట్టారో చూద్దామని మొదలుపెట్టాను.

నేను అనుకున్నట్టు ఇది నిన్నమొన్నటి కంప్యూటర్ల కాలపు సరుకు కాదు. 1900లో ఐర్లండు దేశపు డబ్లిన్ నగరంలో సర్ హోవర్డ్ గ్రబ్ అనే ఆయన దీనికి పేటెంటు పుచ్చుకున్నాడు. 1901లో రాయల్ డబ్లిన్ సొసైటీ పత్రికలో వివరంగా వ్యాసం రాశాడు. ఆయన తుపాకుల వ్యాపారి అనుకునేరు. ఆయన వృత్తి దుర్భిణీలు తయారు చేయడం. తండ్రి థామస్ గ్రబ్ దగ్గర పని నేర్చుకుని, వియన్నా నక్షత్రశాలకు 27 అంగుళాల దుర్భిణి చేసి పేరు తెచ్చుకున్నాడు.

నక్షత్రాలు చూసే మనిషికే ఈ ఊహ రావడంలో వింత లేదు. పుటాకారపు అద్దానికి నాభి దగ్గర చిన్న దీపం పెడితే, కిరణాలు అద్దం మీద పడి సమాంతరంగా బయటికి వస్తాయని మన పిల్లలు హైస్కూల్లో చదువుకుంటారు. మహా దూరాన ఉన్న నక్షత్రం వెలుగు కూడా మనదాకా సమాంతరంగానే వస్తుంది. కాబట్టి అరచేతి దూరంలో ఉన్న ఆ దీపాన్ని చూసి మన కన్ను మోసపోతుంది, అదేదో ఆకాశంలో ఉన్న చుక్క అనుకుంటుంది. దూరపు వస్తువునూ, ఆ చుక్కనూ ఒకేసారి స్పష్టంగా చూస్తుంది. మూడు దూరాల తగవు ఒక్క దెబ్బతో తీరిపోయింది. చత్వారం వచ్చినవాళ్లకు ఇంతకన్నా కావలసిందేముంది? మన భాషలో చుక్క అంటే బొట్టూ, నక్షత్రమూ రెండూ. గ్రబ్‌కు తెలుగు రాదుగాని ఆయన చేసిన పని మాత్రం ఆ రెండర్థాలనూ కలిపింది.

ఇక్కడే నేను పుస్తకం మూసి మళ్లీ తెరిచాను. గ్రబ్ అన్న పేరు నాకు కొత్త కాదు. ఎక్కడ విన్నాను? మా ఇంటికి నడక దూరంలో విన్నాను.

అమీర్‌పేట దాటి బేగంపేట వైపు వెళ్లే దారిలో, ఇప్పుడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉన్న ఆవరణను చిరునామాల్లో నేటికీ 'నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్' అనే రాస్తారు. ఆ నక్షత్రశాల కథ పాతబస్తీలో ఫిసల్‌బండలో మొదలైంది. నవాబ్ జఫర్ జంగ్ అనే జాగీర్దారు ఇంగ్లండులో చదువుకుని, ఆకాశం మీద మనసు పారేసుకుని వచ్చాడు. 15 అంగుళాల దుర్భిణి ఒకటి తెప్పించి 1901లో తన ఆవరణలో పెట్టించాడు. నిజాం ప్రభువు అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టుకున్నాడు. ఆ దుర్భిణి ఎవరి కార్ఖానాలో తయారైందో ఈపాటికి మీరు ఊహించే ఉంటారు. డబ్లిన్‌లో, గ్రబ్ దగ్గర!

అంటే ఇంచుమించు ఒకే కాలంలో ఒకే కార్ఖానా నుంచి రెండు చుక్కలు బయలుదేరాయి. ఒకటి హైదరాబాదు వచ్చి ఆకాశం చూసింది. రెండోది లోకమంతా తిరిగి తిరిగి, నూటపాతికేళ్లకు పంజగుట్టలో నా చేతికి వచ్చింది.

జఫర్ జంగ్ 1907లో పోయాడు. ఆయన కోరిక ప్రకారం 1908లో నిజాం ప్రభుత్వం నక్షత్రశాలను తీసుకుంది. చాట్‌వుడ్ అనే ఇంగ్లీషు దొర డైరెక్టరుగా వచ్చి, ఊరి సందడికి దూరంగా ఉంటుందని ఇటువైపు మార్పించాడు. అప్పట్లో అమీర్‌పేట, పంజగుట్ట, బేగంపేట ఊరికి దూరమన్న మాట! 15 అంగుళాల గ్రబ్ దుర్భిణిని 1922లో ఇక్కడ నిలబెట్టారు. అంతకు ముందే, అంటే 1919లోనే, నక్షత్రశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది.

ఇక్కడ జరిగిన పని చిన్నది కాదు. 1887లో పారిస్‌లో ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టీ రాయాలని తీర్మానించారు. ఆకాశాన్ని పొలంలా చెక్కలు చేసి ఒక్కో నక్షత్రశాలకు ఒక్కో చెక్క పంచారు. దక్షిణ ఆకాశంలో 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న చెక్క ముందు చిలీ దేశానికి పోయి, వాళ్ల వల్ల కాక, మన హైదరాబాదుకు వచ్చింది. పోకాక్ గారు, 1918లో ఆయన పోయాక టి.పి. భాస్కరన్ గారు ఆ భారం మోశారు. రాత్రి గాజు పలకల మీద ఫొటోలు తీయడం, పగలు ఆ పలకలను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కో చుక్కా నిలువు ఎంత, అడ్డం ఎంత అని కొలిచి రాయడం. 1914లో మొదలుపెట్టి పదిహేనేళ్లు ఆ చెక్క కొలిచారు. తరువాత ఉత్తరాకాశంలో ఇంకొక చెక్క కూడా పుచ్చుకున్నారు. మొత్తం ఏడు లక్షలకు పైగా చుక్కలు. ఇదే పథకంలో వాటికన్‌కు వచ్చిన చెక్కను నలుగురు క్రైస్తవ సన్యాసినులు కొలిచారు. 1910 నుంచి 1921 దాకా కూర్చుని 4,81,215 నక్షత్రాలు లెక్క తేల్చారు. బియ్యం ఏరే ఓపిక ఆడవాళ్లకుందని ఆకాశం అప్పగించారో ఏమో!

ఆ రోజుల్లో ఇక్కడ పనిచేసే బప్పు గారనే ఉద్యోగి కొడుకు ఆ దుర్భిణీల మధ్యే తిరుగుతూ పెరిగాడు. అతనే వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి అమెరికా వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టిన ముగ్గురిలో ఒకడయ్యాడు. కావలూరులో 1986లో వెలసిన పెద్ద దుర్భిణికి ఆయన పేరే పెట్టారు. నా కంటి వంకర వల్ల కనిపించిన తోకచుక్క సంగతి గుర్తొచ్చి, ఇది చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

రెండో చుక్క ప్రయాణం ఇంత శాంతంగా సాగలేదు. గ్రబ్ ఊహను 1918లో జర్మనులు యుద్ధవిమానాల మీదికి ఎక్కించారు. గ్రబ్ కార్ఖానా కూడా మొదటి యుద్ధకాలంలో జలాంతర్గాముల పెరిస్కోపులు చేసింది. నక్షత్రాల కోసం నేర్చిన విద్య మనుషుల్ని గురి చూడడానికి వాడుక కావడం చరిత్రలో మొదటిసారీ కాదు, చివరిసారీ కాదు. 1975లో స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ అనే కంపెనీ, మన రేడియోల్లో వెలిగే ఎర్ర దీపం లాంటి బుల్లి దీపాన్ని బ్యాటరీతో వెలిగించి, వేటగాళ్ల కోసం మొదటి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ అమ్మకానికి పెట్టింది. 1990 ప్రాంతానికి అది పోటీ పిస్తోళ్ల మీదికి ఎక్కింది. పరుగెత్తుతూ, మలుపులు తిరుగుతూ రకరకాల గురులు కొట్టే 'ప్రాక్టికల్ షూటింగ్' అనే పోటీల్లో దానికి ఎదురు లేకపోయింది. చివరికి చుక్కలవాళ్లకు వేరే విభాగం, ఇనుప ఈగలవాళ్లకు వేరే విభాగం పెట్టవలసి వచ్చింది.

ఒలింపిక్స్ పిస్తోలు పోటీల్లో మాత్రం నేటికీ చుక్కకు ప్రవేశం లేదు. గాడీ, ఈగా, కన్నూ, అంతే. మా కోచ్ గారు 'పెద్ద పోటీల్లో ఒప్పుకోరు' అన్నది అందుకే. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ల వయసులో జాతీయ ఛాంపియన్ అయిందన్నా, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక బంగారం, మూడు వెండి పతకాలు తెచ్చిందన్నా, ఆ ఇనుప ఈగను చూస్తూనే. ఇది తెలిశాక ఆ పిల్ల మీద నాకున్న గౌరవం రెట్టింపయింది.

చరిత్ర అయిపోయింది. చెయ్యి మిగిలింది.

పంజగుట్టలోనే నరాల డాక్టరు గారి దగ్గరికి ఒంటరిగా వెళ్లాను. అమ్మ సంగతి చెప్పాను. చుక్క సంగతి కూడా చెప్పాను. ఆయన నన్ను నడిపించారు, వేళ్లు కలిపించి విడదీయించారు, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోమన్నారు. తర్వాత అన్నారు: "అమ్మగారికి వచ్చిన జబ్బులో సాధారణంగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది, సెకనుకు నాలుగైదు సార్లు. మీ చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఊరికే ఉంది. చాచి పట్టుకున్నప్పుడు సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు సన్నగా వణకడం బతికున్న ప్రతి మనిషికీ ఉంటుంది. మీరు దాన్ని చూశారు, మిగతావాళ్లు చూడలేదు. అంతే తేడా."

మెట్లు దిగుతూంటే ఏడుపొచ్చింది. అది సంతోషమో, అమ్మ గుర్తొచ్చో చెప్పలేను.

మర్నాడు మేనకోడలితో అంతా చెప్పాను. అది ఏమీ మాట్లాడకుండా కోచ్ గారి పాత పిస్తోలు తీసుకుని, చెయ్యి చాచి నిలబడి, "వెనక నుంచి చూడత్తా" అంది. దాని భుజం మీదుగా తొంగి చూశాను. కిటికీలో ఎర్ర చుక్క సన్నగా వణుకుతోంది. రోజుకు రెండు గంటలు సాధన చేసే పదిహేనేళ్ల పిల్ల చెయ్యి!

"నాదీ అంతే. చుక్క ఆగేదాకా చూస్తానంటే జన్మలో పేల్చలేవు. అది పది చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. తిరగనీ. నువ్వు కాగితాన్నే చూస్తూ మీట మెత్తగా నొక్కుతూ పో. చుక్క పదిలోకి రాగానే గభాల్న నొక్కావా, పోయిందే" అంది.

నవలలు రాసుకునే నాకు కావలసిన మాటే అది. ఇన్నేళ్లూ నేను అంతా నిలకడగా కుదిరాక మొదలుపెడదామని ఎన్ని పనులు వాయిదా వేశానో ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

తర్వాత చుక్కను పిస్తోలుకు కుదర్చడం నేర్చుకున్నాను. అయిదు గుండ్లు వేస్తే అయిదూ ఎడమవైపు కిందుగా, పక్కపక్కనే పడ్డాయి. కోచ్ గారు సంతోషించారు. నాకు అర్థం కాలేదు. అన్నీ ఒకచోట పడి గురికి దూరంగా ఉంటే తప్పు సైట్‌ది. మర రెండు మూడు టిక్కులు తిప్పితే సరిపోతుంది. తలో దిక్కున పడితే తప్పు మనది. దానికి మర లేదు. పైగా ఈ గాజు కిటికీ పది మీటర్లంత దగ్గరలో ఇచ్చిన మాట పూర్తిగా నిలబెట్టుకోదు గనక, చుక్కను కిటికీ మధ్యలోనే ఉంచుకోవాలి.

ఆ చుక్క కొలత కూడా చెప్పాలి. డిగ్రీలో అరవయ్యో భాగాన్ని మన జ్యోతిష గ్రంథాల్లో 'కల' అంటారు. నా చుక్క నాలుగు కలల చుక్క. పది మీటర్ల దూరంలో అది పది మార్కుల వలయాన్ని సరిగ్గా కప్పేస్తుంది. ఆకాశంలో పున్నమి చంద్రుడికి అడ్డంగా అలాంటివి ఎనిమిది పడతాయి. భాస్కరన్ గారు చుక్కల్ని కొలిచిన కొలతల జాతిదే ఇదీ.

సంక్రాంతి పోటీలో ఇరవై గుండ్లకు రెండు వందల మార్కులు. నాకు 151 వచ్చాయి. ఇంకో ఇద్దరు పెద్దమనుషులు నా తర్వాత ఉన్నారని మనవి చేసుకుంటున్నాను.

ఆ సాయంత్రం ఇంటికి తిన్నగా వెళ్లకుండా మేనకోడలిని నక్షత్రశాల ఆవరణ వైపు తీసుకువెళ్లాను. గేటు బయటే నిలబడి కథంతా చెప్పాను. ఆకాశంలో ఒక్క చుక్క లేదు. ఊరి దీపాల వెలుగు పెరిగే గదా, 1960ల చివర ఉస్మానియావాళ్లు జాపాల్ రంగాపూర్ దగ్గర 48 అంగుళాల కొత్త దుర్భిణి పెట్టుకుని అక్కడికి తరలిపోయింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే చూశారు.

"ఆ రోజు నువ్వు చూశావా అత్తా?"

"నేను అమ్మ కడుపులో ఉన్నాను. మధ్యాహ్నమంతా తలుపులు మూసి చీకటి గదిలో పడుకోబెట్టారట. వేలు కదపకూడదన్నారట. అమ్మ కదలకుండా పడుకుందిట."

తర్వాత ఎన్నో ఏళ్లకు చెయ్యి వణకడం మొదలైనప్పుడు, ఆ రోజు వేలు కదిపి ఉంటుందని బంధువులు ఎవరో అన్నారు. అమ్మ ఆ మాట నమ్మింది. దాచుకున్నది అందుకే. ఓ యాభై కిలోమీటర్ల అవతల శాస్త్రజ్ఞులు అదే గ్రహణాన్ని కళ్లారా చూస్తూంటే, ఈ అమీర్‌పేటలో మా అమ్మ చీకట్లో బిగుసుకుని పడుకుంది. వణుకు అందరికీ ఉంటుందని, జబ్బు వణుకు వేరని, అందులో తన తప్పేమీ లేదని ఆవిడకు ఎవరైనా ఒక చుక్కలో చూపించి ఉంటే, పెళ్లిళ్లలో పదిమందితో కూర్చుని భోంచేసేది గదా అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి పోటీలో చిరిగిన జాకెట్టు చెయ్యి కుట్టుకోవాలని సూది తీశాను. కన్ను ఆనలేదు. మేనకోడలిని పిలిచాను. అది దారం కొస తడిచేసి, సూదిని దీపానికి ఎదురుగా పట్టుకుంది. ఒక్క క్షణం దాని చెయ్యి కూడా వణికింది. దారం మాత్రం ఎక్కింది.